ఇంకొకడు తప్పు చెప్పేదాకా

ఆ రోజుల్లో ఇంగ్లిషు నేర్చుకుంటే ఉద్యోగం ఇల్లు వెతుక్కుంటూ వస్తుందని ఫలక్‌నుమాలో మా ఇంటిల్లిపాదీ నమ్మేవాళ్లు. ఇంగ్లిషు నేర్చుకున్నాను. ఉద్యోగం మాత్రం మాదన్నపేటకు, మా మేనబావ ఇంటికి వెళ్లింది. పాత సంగతి, మరచిపొమ్మని అందరూ అంటారు. అందరూ కూర్చుని అంటారు, అదే నా బాధ.

మా ఇంగ్లిషు క్లాసు సైకిళ్ల దుకాణం పైన. సారును మేం 'సిన్స్ సార్' అనేవాళ్లం. జ్వరమొచ్చిందన్నా "సిన్స్ వెన్?" అని అడిగేవారు. 'సిన్స్' ఉంటే 'హావ్' ఉండాలి, 'ఎస్టర్డే' ఉంటే 'హావ్' ఉండకూడదు. ఇందులో తప్పినవాడు లేచి నిలబడాలి, ఇంకొకడు తప్పు చెప్పేదాకా కూర్చోకూడదు. ఇంటికెళ్లొచ్చినా మర్నాడు మళ్లీ నిలబడాల్సిందే.

"ఐ హావ్ ఈటెన్ బిర్యానీ ఎస్టర్డే" అన్నాను. (తిన్నది ఖిచిడీ. గొప్పకు పోయినందుకు దేవుడు వేసిన శిక్ష కూడా కావచ్చు.)

"క్యా మియా, ఎస్టర్డే అయిపాయె గదా, ఇంకా హావ్ ఏంది? నిలవడు."

నేను దిగులుపడలేదు. పక్కనే బావ ఉన్నాడు, రోజూ తప్పు చెప్పేవాడు. కానీ శనివారం ఒక కాల్ సెంటర్ మేనేజరు వచ్చి ఒకరిని తీసుకుంటాడని ఆ సాయంత్రమే తెలిసింది. ఎవడో "ఐ హావ్ లివ్డ్ ఇన్ ఫలక్‌నుమా సిన్స్ చైల్డ్‌హుడ్" అంటే సారు శభాష్ అన్నారు. ఇక అందరిదీ అదే వాక్యం. కిషన్‌బాగ్ వాడూ, మొన్ననే నల్గొండ నుంచి దిగినవాడూ, చివరికి మా బావా, అందరూ చిన్నప్పటి నుంచి ఫలక్‌నుమాలోనే ఉన్నారు!

"ఒక్క తప్పు చెప్పరాదు బావా, కాళ్లు గుంజుతున్నయ్" అని బతిమాలాను.

"శనివారం పోనీయ్ బామ్మర్దీ, మస్తు తప్పులు చెప్త."

శనివారం మేనేజరు వచ్చాడు. అందరూ కూర్చున్న చోట గోడ పక్కన నిలబడ్డవాడు ఆయనకు నౌకరులా కాక ఎలా కనిపిస్తాడు? "భాయ్, జర చాయ్ పట్టుకరా" అన్నాడు. వీడూ విద్యార్థేనని సారు ఒక్క మాట చెబుతారని ఆయన వైపు చూశాను. సారు చెప్పారు: "చక్కెర తక్కువ." (ఆ మాట చెవిలో ఇంకా అలాగే ఉంది.) నేను చాయ్ తెచ్చేసరికి మేనేజరు బావ చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. మా ఫలక్‌నుమా వాక్యం ఆయనకు బాగా నచ్చిందట.

ఆ తర్వాత బావ ఎక్కడ కుర్చీ చూపించినా నేను కూర్చోలేదు. మొన్న చుట్టాల పెళ్లిలో మళ్లీ కుర్చీ లాగాడు. "ఇంకెన్నేండ్లు నిలవడ్తవ్ రా?" అన్నాడు. నేను గోడకు ఆనుకున్నాను. ఇంగ్లిషు మీదే తల నెరిసిన బావ, నలుగురూ వినేలా గట్టిగా అన్నాడు: "ఐ హావ్ టేకెన్ యువర్ జాబ్ ఎస్టర్డే."

కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నావని ఇంట్లో అడిగితే మోకాళ్ల నొప్పి అని చెప్పాను.