ఏసీ గాలిలో బండారి

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ, మధ్యలో మాత్రం ఆపకండి. ఆ రోజు నుంచి మా కారులో ఏసీ స్విచ్ మీద చెయ్యి వేస్తే చాలు, నా భార్య స్వప్న కళ్లు గట్టిగా మూసుకుంటోంది.

మా మామయ్య ఈ మధ్యే కాలం చేశారు. దినాలన్నీ అయిపోయాక అత్తమ్మని ఒక రాత్రి నిద్రకు మా ఇంటికి తీసుకురావాలి. మా వైపు పద్ధతి అది. వాళ్లది స్టేషన్ ఘన్‌పూర్, మేముండేది మడికొండ, పెద్ద దూరమేమీ కాదు. చిక్కల్లా కారు ఏసీతోనే వచ్చింది. వేస్తే తడిసిన గోనెసంచి వాసన. అత్తమ్మకేమో ఆయాసం. ఏళ్ల తరబడి మామయ్య మగ్గానికి కండెలు చుట్టి చుట్టి, నూలు దుమ్మంతా ఆమె ఛాతీలోనే చేరింది. ఒకసారి దగ్గు లేచిందంటే మనిషి వంగిపోతుంది.

"అసలే ఏడ్సి ఏడ్సి సగమైంది. తొవ్వల అమ్మకు దగ్గు లేస్తె నేను సూడలేను," అంది స్వప్న.

ఫిల్టర్ మారిస్తే వాసన పోతుందని ఫోన్‌లో చూశాను. వీడియోలో ఎవరో పిల్ల గోళ్ల రంగు చెదరకుండా చకచకా మార్చేసింది. ఆమాత్రం నేను చేయలేనా? ముందురోజే హన్మకొండలో ఫిల్టర్ కొనుక్కొచ్చి, ఆదివారం పొద్దున్నే బనీన్ మీద పనిలోకి దిగాను.

ముందు సీటు ఎదురుగా ఉండే గ్లవ్‌బాక్స్ ఊడదీయాలి, దాని వెనకాలే ఫిల్టర్. అందులో ఉన్నవన్నీ తీసి కింద పెట్టాను. ఆర్సీ, గొడుగు, ఎప్పటివో చాక్లెట్ కాగితాలు. ఆఖరున చేతికి ఒక కాగితం పొట్లం వచ్చింది. అది బండారి, మల్లన్న గుడిలో ఇచ్చే పసుపు. కారు కొన్నప్పుడు మామయ్యే గుడికి వెళ్లి తెచ్చి, తన చేత్తో అందులో పెట్టారు.

ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలి? కింద మ్యాట్ మీద కాళ్లు పెడతాం. సీటు మీద కూర్చుంటాం. ప్యాంటు జేబులో దేవుడి పసుపు పెట్టుకోకూడదు, ఒంటి మీద చొక్కా లేదు. అప్పుడు నా కంటికి ఒకే ఒక్క శుభ్రమైన చోటు కనబడింది. పాత ఫిల్టర్ లాగేసి తడిగుడ్డతో తుడిచిన ఖాళీ. పొట్లం కళ్లకద్దుకుని అందులో పెట్టాను. చాలా భక్తిగా పెట్టాను.

ఈలోపు స్వప్న పైనుంచి కేకేసింది, స్నానం ఎప్పుడు, బయల్దేరేది ఎప్పుడు అని. కంగారుగా కొత్త ఫిల్టర్ తోశాను. కొంచెం అడ్డం తగిలింది. కొత్తది కదా, బిగుతుగా ఉంటుందనుకుని ఇంకాస్త గట్టిగా తోశాను. లోపల ఏదో జారిన చప్పుడైంది. లాక్ పడిందనుకున్నాను. ఏసీ చిన్నగా వేసి చూస్తే గాలి బ్రహ్మాండంగా ఉంది. తెల్ల చొక్కా వేసుకుని, అల్లుడి హోదాలో బయల్దేరాను.

అత్తమ్మని చూస్తే ప్రాణం ఉసూరుమంది. బోసి నుదురు, బోసి చేతులు. వచ్చి ముందు సీట్లో కూర్చుంది. స్వప్న వెనక కూర్చుంది. ఊరు దాటాక ఎండ మొహం మీద పడుతుంటే అత్తమ్మ కొంగుతో చెమట తుడుచుకుంది. పాపం ఉక్కపోస్తోందని నేను ఏసీ ఫుల్లుగా తిప్పాను.

డ్యాష్‌బోర్డు లోపల టపటపమని కొట్టుకుంది. అంతే, అన్ని కంతల్లోంచి ఒక్కసారిగా పసుపు. నా తెల్ల చొక్కా పచ్చబడింది. కళ్లు మండాయి. ఎలాగో కారు పక్కకు ఆపి అన్ని అద్దాలూ దించాను. అత్తమ్మ దగ్గుతోంది. ఒకటి, రెండు, మళ్లీ మళ్లీ. ఈ దగ్గు రాకూడదనే కదా ఇంత చేసింది.

కాసేపటికి దగ్గు ఆగింది. అప్పుడు చూశాం అందరం. ఆమె మొహం నిండా పసుపు, నుదుటి మీద మరీ దట్టంగా. మొన్న దినాల్లో పదిమంది ఆడవాళ్లు చేరి తీసేసిన పసుపు. స్వప్న ఏడుస్తూ వెనక నుంచి తువ్వాలు పట్టుకుని తుడవబోయింది. అత్తమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"తుడువకు. మీ నాయిన తెచ్చిన బండారి గది. మొన్న అందరు కలిసి తుడిసిన్రు, నేను ఒద్దనలే. ఇది ఉండనియ్యి."

మిగతా దారంతా అద్దాలు దించుకునే వచ్చాం. ఒకసారి అత్తమ్మ వేలితో తన చెంప ముట్టుకుని, ఆ వేలు చూసుకుంది. నేను రోడ్డు వంకే చూస్తూ నడిపాను. నిజం చెప్పొద్దూ, నాకూ ఏడుపొచ్చింది. పసుపు వల్లే అని సర్దిచెప్పుకున్నాను.

ఇంటి ముందు దిగేసరికి పక్కింట్లోకి కొత్తగా వచ్చినావిడ గేటు దగ్గరే ఉంది. మా ముగ్గురి వాలకం చూసి ఆప్యాయంగా పలకరించింది.

"మల్లన్న దగ్గరికెళ్లి వస్తాన్రా అక్కా?"

స్వప్న బిగుసుకుపోయింది. నేను ఏదో సర్దిచెప్పాలని నోరు తెరిచాను. అత్తమ్మ నా వైపు ఒకసారి చూసింది. మామయ్య పోయాక ఆ పెదవుల మీద నవ్వు లాంటిది చూడటం అదే మొదలు.

"గంత దూరం పోలే చెల్లె. మా అల్లుడు కార్లనే దర్శనం చేపిచ్చిండు."

ఆ దర్శనం చేయించిన పూజారి, చెవుల్లో పసుపు దులుపుకుంటూ, సంచులు మోసుకుని వాళ్ల వెనకాలే మెట్లెక్కాడు.