గిటారు మోగాల్సిన చోట జావా సారు

ఈ కథ నేను పెళ్లి విందుల్లో చెప్పాను, ఆఫీసు పార్టీల్లో చెప్పాను, రైల్లో పక్క బెర్తు వాళ్లకూ చెప్పాను. విన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. చెప్పిన ప్రతిసారీ ఒక్క ముక్క మాత్రం మింగేస్తూ వచ్చాను. ఆ క్యాసెట్ పాడుచేసింది నేనే. జావా వస్తే చాలు జీవితం ఒడ్డున పడుతుందని అమీర్‌పేటలో అందరం నమ్మిన ఆ రోజుల్లో, అబద్ధం కూడా ఒక కోర్సే అనుకుని నేర్చేసుకున్నట్టున్నాను. (ఫీజు కట్టకుండా నాకు వచ్చిన కోర్సు అదొక్కటే.)

అప్పట్లో మైత్రీవనం దగ్గర తల పైకెత్తితే ఆకాశం కనిపించేది కాదు, కోచింగ్ సెంటర్ల బ్యానర్లు కనిపించేవి. నేను తెనాలి నుంచి ఒక సూట్‌కేసుతోనూ, సగం సూట్‌కేసు నిండా పుస్తకాలతోనూ దిగి, హాస్టల్లో ఒక మంచం సంపాదించి, జావా మార్నింగ్ బ్యాచ్‌లో చేరాను. అక్కడ దొరికిన స్నేహితుడు బల్కంపేట కుర్రాడు. నాకన్నా కొంచెం పెద్ద. అందరం కెప్టెన్ అనేవాళ్లం. పుట్టుకతోనే గోల్‌కీపర్. నిద్రపోయే వాళ్ల మీదికి సారు సుద్దముక్క విసిరితే, పక్క వరుసలోంచి దూకి రెండు చేతులతో పట్టుకుని గుండెకు హత్తుకునేవాడు. సారుకి కోపం వచ్చేది కాని, క్యాచ్ చూసి పాఠంలో పడిపోయేవాడు.

నా జీవితంలో మూడు పిచ్చులున్నాయి: పుస్తకాలు, పాత రాక్ సంగీతం, ఫుట్‌బాల్. మొదటిది ఇంటి నుంచి తెచ్చుకున్నాను. మిగతా రెండూ కెప్టెన్ అంటించాడు. ఫుట్‌బాల్ అయితే నేను ఆడి నేర్చుకోలేదు, చదివి నేర్చుకున్నాను. పంజాగుట్ట ఫుట్‌పాత్ మీద ఒక పాత పుస్తకం కొన్నాను. అందులో ఆఫ్‌సైడ్ గురించిన పేజీలు ఎవరో చింపేసుకుపోయారు. (అందుకే ఆఫ్‌సైడ్ నాకు ఈనాటికీ అర్థం కాదు. టీవీ ముందు మాత్రం అందరికంటే ముందు చెయ్యెత్తుతాను.) మైదానంలో బంతి నా వైపు వస్తే, ఇలాంటి పరిస్థితిలో పుస్తకం ఏమందో గుర్తు చేసుకునేవాణ్ణి. ఈలోపు బంతి వెళ్లిపోయేది. "అరె, నువ్వు దాన్ని తన్నురా భాయ్, చదువకు!" అని గోల్ దగ్గర్నుంచి కెప్టెన్ అరిచేవాడు.

ఇక రాక్ సంగీతం. మా క్లాసు వెనక సందులో ఒక ఇరుకు క్యాసెట్ల దుకాణం ఉండేది. దాని యజమానిని భాయ్ అనేవాళ్లం. పగలంతా ఆయన పని సినిమా పాటలు, మా సారు పాఠాల క్యాసెట్లు కాపీ చేసి అమ్మడం. సాయంత్రం అయ్యేసరికి షట్టరు సగం దించి పాత ఇంగ్లీషు గిటారు పాటలు పెట్టేవాడు. కెప్టెన్ రోజూ హాజరు. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు, తలలు ఊపేవాళ్లు. మధ్యలో నేను పాటల్లోని మాటలకు అర్థాలు అడిగితే భాయ్ చెయ్యి అడ్డం పెట్టేవాడు. "సమజ్ చేసుకోకు భాయ్. జర లోపటికి పోనియ్."

కెప్టెన్ కోసం భాయ్ ఒక క్యాసెట్ తయారుచేశాడు. తన దగ్గరున్న పెద్ద రికార్డుల్లోంచి ఏరి, వారాల తరబడి ఒక్కొక్క పాటే ఎక్కించాడు. ఎవరూ చెరపకుండా పైనుండే ప్లాస్టిక్ ముక్కలు రెండూ విరిచి మరీ ఇచ్చాడు. కెప్టెన్ ఒక్కసారి విని, అరిగిపోతుందని దాచుకున్నాడు. ఈవెనింగ్ బ్యాచ్‌తో మాకు ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది. ఆ రోజు బి సైడు మొదటి పాట మోగుతుంటే మా జట్టు మైదానంలోకి నడవాలి. అదీ కెప్టెన్ కల, అప్పటికి ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం ఒక రాత్రికి వినమని ఇచ్చాడు. "నువ్వు పుస్తకాలు చదివేటోనివి, పైలంగ చూస్తవ్, ఖరాబు చెయ్యవ్" అన్నాడు. (పుస్తకాలు చదివేవాళ్ల మీద లోకానికి ఈ నమ్మకం ఎక్కడిదో తెలియదు.)

మర్నాడు క్లాసులో ఇన్హెరిటెన్స్, అంటే జావాలో వారసత్వం, పాఠం. వెనక బెంచీలకు సారు గొంతు అందేది కాదు. అందుకని అందరం టేప్‌రికార్డర్లు తెచ్చి ఆయన బల్ల మీద వరసగా పెట్టేవాళ్లం, దేవుడి ముందు కొబ్బరికాయల్లా. ఆ రోజు నా దగ్గర ఖాళీ క్యాసెట్ లేదు. కెప్టెన్‌ది ఉంది, రాత్రి దాని ఎ సైడు వింటూనే నిద్రపోయాను. బి సైడు పెట్టి చెవి ఆనించాను. ఏమీ వినపడలేదు. ఇంకాసేపు విన్నాను. నిశ్శబ్దం. ఖాళీ అనుకుని, మళ్లీ రికార్డయ్యేలా విరిచిన చోట చిన్న ప్లాస్టర్ అంటించి, సారు ముందు పెట్టేశాను. ఆ పాట మొదట్లో చాలాసేపు ఏమీ వినపడదనీ, అది కళ అనీ నాకేం తెలుసు? సాయంత్రం ప్లాస్టర్ పీకేసి, క్యాసెట్ తిరిగి ఇచ్చేశాను. ఖాళీ జాగాలో ఒక పాఠం ఉంటే నష్టమేముందిలే అనుకున్నాను.

మ్యాచ్ రోజు కెప్టెన్ మామూలు హడావుడి చెయ్యలేదు. బోనాలకు మైకు సెట్లు పెట్టే తెలిసినాయన దగ్గర్నుంచి రెండు పెద్ద హారన్లు తెప్పించి, మైదానం పక్క గోడ మీద కట్టించాడు. మేం పదకొండుగురం వరసగా నిలబడ్డాం. నేను ఆడుతున్నానంటే, మా పదకొండోవాడికి ఆ రోజు ఇంటర్వ్యూ పడింది కాబట్టే. కెప్టెన్ గ్లవ్స్ సర్దుకుని, కళ్లు మూసుకుని, చెయ్యెత్తాడు. హారన్లు గరగరమన్నాయి. ఆ తర్వాత బల్కంపేట సగం వినేలా మా సారు గొంతు:

"తండ్రి ఆస్తి కొడుక్కి ఎలా వస్తుందో, ఇదీ అంతే! కొడుకు కష్టపడక్కర్లేదు! అర్థమైందా? అర్థం కానివాళ్లు కూడా తల ఊపండి!"

మైదానం ఒక్కసారిగా గొల్లుమంది. పక్క డాబా మీద లుంగీతో ఒక పెద్దాయన ప్రత్యక్షమై, "ఎవని ఆస్తి? గీడ ఎవలు పంచుతుండ్రు? ఈ జాగా మాది!" అని కేకలు మొదలుపెట్టాడు. కెప్టెన్ మైకాయన వైపు పరుగెత్తుతూ "బంద్ చెయ్యన్నా, బంద్ చెయ్!" అంటున్నాడు. అవతల ఈవెనింగ్ బ్యాచ్ గోల్‌కీపర్ కెప్టెన్‌కు అడ్డం పడ్డాడు. "ఆపకు అన్నా, మాకు గీ పాఠం మిస్సయింది. జర వాల్యూమ్ పెంచు!" వాళ్ల ఫార్వర్డ్ ఒకడు గోడ దగ్గర కూర్చుని అరచేతి మీద పెన్నుతో రాసుకోవడం నేను కళ్లారా చూశాను.

ఆ మ్యాచ్ మేం ఘోరంగా ఓడాం. సుద్దముక్కను వదలని కెప్టెన్ ఆ రోజు బంతి వచ్చినప్పుడల్లా ఎటో చూస్తూ నిలబడ్డాడు. (ఇక్కడిదాకా నేను అందరికీ చెప్పే కథ. ఇక్కడ జనం నవ్వుతారు, నేను నీళ్లు తాగుతాను.)

ఆట అయ్యాక కెప్టెన్ అందరినీ వదిలేసి నా దగ్గరికే వచ్చాడు. "ఎట్లయింది ర ఇది?" అన్నాడు. కళ్లలో నీళ్లు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నేనేమన్నానంటే, "ఆ షాపులో సారు క్యాసెట్లు కూడా కాపీ చేస్తారు కదా... అక్కడే ఏదో పొరపాటు జరిగుంటుంది."

సరిగ్గా నమ్మేలా ఉంది. నమ్మాడు. నేరుగా దుకాణానికి వెళ్లాడు, వెనకే నేనూ. భాయ్ క్యాసెట్ చేతిలోకి తీసుకుని, పెట్టి విన్నాడు.

"నేను చేసిన్నా? ఈ పాటల మీద ఆ పాఠం నేను ఎక్కిస్తనా కెప్టెన్?"

"మరి ఎవలు చేసిండ్రు? దయ్యం చేసిందా? పైసల కోసం పాఠాలు కాపీ కొట్టుకుంట కూసుంటే గిట్లనే అయితది!"

"పో," అన్నాడు భాయ్, మెల్లగా. "మళ్ల నా దుకాన్‌కు రాకు."

ఆ సమయంలో నేను గోడ మీది పోస్టరును శ్రద్ధగా చదువుతున్నాను. ఒక్క అక్షరం గుర్తులేదు.

కెప్టెన్ మళ్లీ ఆ సందులోకి వెళ్లలేదు, సారు పాఠానికి కూడా చుట్టూ తిరిగి వచ్చేవాడు. గిటారు వినడం మానేశాడు. మా ఇద్దరికీ ఉద్యోగాలొచ్చాయి, పెళ్లిళ్లయ్యాయి, పొట్టలొచ్చాయి. ప్రపంచ కప్పు వచ్చినప్పుడల్లా ఎర్రగడ్డలో వాళ్లింట్లో కలిసి చూస్తాం. హాఫ్‌టైమ్‌లో చెబుదామని ప్రతిసారీ అనుకోవడం, వాళ్లావిడ పకోడీలు తేవడం, నోరు వాటితో నిండిపోవడం.

పోయినేడు ఫోనుకి గాజు పొర వేయించడానికి అమీర్‌పేట మెట్రో కింద ఒక చిన్న కొట్టు ముందు ఆగాను. తెల్లగడ్డం మనిషి నా ఫోను తుడుస్తూ, తల ఎత్తకుండానే, "పోస్టర్ల భాయ్ కదా నువ్వు?" అన్నాడు. క్యాసెట్ల దుకాణం భాయే. ఆయన గాజు అతికించి, గాలిబుడగ లేకుండా బొటనవేలితో నొక్కి, "మా గోల్‌కీపర్ ఎట్లున్నడు?" అన్నాడు.

మా గోల్‌కీపర్ అన్నాడు. అంతే, అక్కడే నిలబడి కెప్టెన్‌కి ఫోన్ చేశాను. అర్జంటుగా రమ్మన్నాను. యాక్సిడెంట్ అనుకున్నాడేమో, హెల్మెట్ కూడా తియ్యకుండా వచ్చేశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని బిగుసుకుపోయారు. వాళ్లలో ఎవరైనా కదిలితే నా ధైర్యం పోతుందని, గబగబా మొత్తం చెప్పేశాను. ప్లాస్టరు, నిశ్శబ్దం, సారు, అబద్ధం, అన్నీ. చివర "తప్పు నాది. భాయ్, కెప్టెన్, మీ ఇద్దరికీ క్షమాపణ చెబుతున్నాను" అన్నాను. బాగానే చెప్పాననిపించింది.

కెప్టెన్ హెల్మెట్ తీశాడు. నన్ను కొడతాడనుకున్నాను. భాయ్ వైపు తిరిగి, "నిన్ను అడ్డమైన మాటలన్న భాయ్" అన్నాడు.

"అన్నవ్. మస్తు అన్నవ్. బియ్యం సుత అంత గట్టిగ దంచరు." భాయ్ స్టూలు ముందుకు జరిపాడు. "కూసో. ఇప్పుడేం వింటున్నవ్?"

"ఏం వినను."

"ఏం వినవా? దిమాగ్ ఖరాబైందా నీకు?"

"నువ్వే రావద్దంటివి కదా!"

"అంటే? ఒక్కసారి అంటే పోతవా? రెండోసారి రావొద్దా?"

అలా మొదలై, ఇంత కాలం బాకీ పడ్డ కొట్లాటంతా కొట్టుకున్నారు. నడుమ నవ్వారు, మళ్లీ కొట్టుకున్నారు. నేను పక్కన నిలబడే ఉన్నాను. క్షమించామనిగాని లేదనిగాని ఎవరూ అనలేదు. విన్నారో లేదో అని అనుమానం వచ్చింది.

"సారీ భాయ్. సారీ కెప్టెన్," అన్నాను మళ్లీ, ఈసారి గట్టిగా. ఫోన్ కవర్లు చూస్తున్న ఒక అమ్మాయి ఉలిక్కిపడింది.

"విన్నం తియ్యి ర" అన్నాడు కెప్టెన్, నా వైపు చూడకుండానే. "పోయి మూడు చాయ్ చెప్పు."

తల నెరిసిన మనిషిని, ఆఫీసులో పాతిక మంది నా మాట వింటారు. పరుగెత్తుకుంటూ వెళ్లాను.