లక్కపిడతల్లో లేని పొత్రం

అది బొటనవేలి కణుపంత కూడా ఉండదు. చెక్కతో చేసి, పసుపు లక్క పూసి, నడుమ ఒక ఎర్ర గీత గీసినది. పిల్లలు ఆడుకునే లక్కపిడతల్లో రుబ్బురోలుకు పొత్రం. ఇంట్లో ప్రతి వస్తువు బరువూ నోటికి చెప్పగలిగే నేను, దీన్ని మాత్రం ఎప్పుడూ తూచలేదు. మోయడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు దాటింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి మూసుకున్నాను.

నేను లెక్కల మనిషిని. ఉద్యోగమంతా ఒక ఆఫీసు స్టోర్సులో చేశాను. గ్యాసు సిలిండరు ఏ తేదీన మార్చామో, కిందటి నెల ఎన్ని పాల ప్యాకెట్లు వచ్చాయో ఇప్పటికీ చెబుతాను. ఆ రోజు తేదీ కూడా నాకు తెలుసు. దాన్ని రాయను. ఏటా ఆ తేదీన రాత్రి అన్నం తినను. ఉపవాసం అంటాను. ఏ దేవుడికి అని ఇంట్లో ఎవరూ అడగలేదు. నా వయసు ఆడదాన్ని అడగరు.

అప్పుడు మేము సీతాఫల్‌మండిలో అద్దెకుండేవాళ్ళం. మాది విజయనగరం వైపు. మా ఆయనకూ మా మరిదికీ ఇక్కడే ఉద్యోగాలు, ఒకే ఇంట్లో కాపురం. నాకు పిల్లలు లేరు. మరిది కూతురు రమణి నా చేతుల్లోనే పెరిగింది. దాని తల్లి, అంటే నా తోడికోడలు, మెత్తని మనిషి. పిల్ల సంగతులన్నీ నాకు వదిలేసింది. నేనే లాక్కున్నాను అనడం సరిగ్గా ఉంటుందేమో.

రమణి బొమ్మల్ని నేనే సర్దాను. వరండాలో ఒక చెక్క అర కొట్టించాను. గోళీలకు ఒక రేకు డబ్బా, గవ్వలకు ఒక సంచి, గుడ్డబొమ్మలకు ఒక అట్టపెట్టె, మా అత్తగారు తీర్థంలో కొన్న లక్కపిడతలకు మూతున్న తాటాకు బుట్ట. దేని చోటు దానిదే. సాయంత్రం దీపం పెట్టాక రమణి చాపమీద అన్నీ పరిచి, లెక్కపెట్టి, ఎక్కడివక్కడ పెట్టి, వచ్చి నాకు చెప్పాలి. పిడతలు ఇరవై ఒకటి. "సరిపోయింది పెద్దమ్మా" అంటే నేను తలూపేదాన్ని. అప్పుడు కంచం. ఇందులో నాకు తప్పేమీ కనిపించేది కాదు. చూసినవాళ్ళు కూడా ఎంత క్రమశిక్షణో అని మెచ్చుకునేవాళ్ళు.

గోడకు అవతల వాటాలో యాదమ్మ కుటుంబం ఉండేది. తరతరాలుగా ఇక్కడివాళ్ళు. ఆమె భర్తకు రెజిమెంటల్ బజార్‌లో కుట్టు దుకాణం, పెళ్ళి బ్యాండువాళ్ళకు దుస్తులు కుట్టేవాడు. వాళ్ళ కూతురు మల్లి, మా రమణి ఒకే ఈడు. మల్లి మధ్యనున్న పిట్టగోడ ఎక్కి ఇటే దూకేది. మల్లికి తన సొంత బొమ్మల సంచి ఒకటుండేది, ఎర్ర బనాతు గుడ్డ ముక్కలు కలిపి, అంచుకు జరీ పట్టీ వేసి తండ్రి కుట్టినది. సాయంత్రాలు మల్లి కూడా రమణితో కూర్చుని పిడతలు లెక్కపెట్టేది. వేళ్ళు ముడవకుండా, చూపుతోనే. మా పిల్లకంటే ముందే చెప్పేసేది. అది నాకు నచ్చేది కాదు. ఈ మాట ఇప్పుడు రాస్తుంటేనే నాకు తెలుస్తోంది.

మా స్టోర్సులో ఒక అలవాటుండేది. సరుకు తనిఖీకి ముందు మా సెక్షన్ పెద్ద, ఎవరూ చూడకుండా అరలోంచి ఒక వస్తువు తీసి తన సొరుగులో పెట్టుకునేవాడు. లెక్కపెట్టిన గుమాస్తా వచ్చి "ఒకటి తక్కువండీ" అంటే, సొరుగు లాగి చూపించి, భేష్ అనేవాడు. లెక్క సరిపోయిందన్నవాడి పని అయిపోయినట్టే. నన్ను ఆయన ఒక్కసారి కూడా పట్టుకోలేకపోయాడు. రమణి నాలా తయారు కావాలని అనుకున్నాను. ప్రేమతోనే అనుకున్నాను. అవునా? అప్పుడు అలాగే అనిపించింది.

ఆ రోజు పిల్లలిద్దరూ పిడతలు పరుచుకుని వంటాట ఆడుతున్నారు. కుళాయి వచ్చిందని వీధిలో ఎవరో కేక వేశారు. ఇద్దరూ బిందెలు పట్టుకుని పరుగెత్తారు. నేను వంగి రుబ్బురోలులోంచి పొత్రం తీసి రొంటిన దోపుకున్నాను.

సాయంత్రం మల్లి వెళ్ళిపోయింది. రమణి లెక్కపెట్టింది. మళ్ళీ పెట్టింది. చాప దులిపి ఇంకోసారి పెట్టింది. అప్పుడు నా దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, ఒకటి తక్కువుంది. పొత్రం లేదు" అంది.

అక్కడితో అయిపోవాలి. పిల్ల తనిఖీలో నెగ్గింది. భయపడి దాచలేదు, సరిపోయిందని బుకాయించలేదు. నేను పొత్రం తీసి చేతిలో పెట్టి, భేష్ అనాలి. అనడానికే కదా దాచింది? చెయ్యి రొంటిమీదికి వెళ్ళింది కూడా. కానీ నా నోటి నుంచి ఇంకో మాట వచ్చింది. ఎందుకు వచ్చిందని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. కళ్ళలో నీళ్ళతో, తప్పంతా తనదే అన్నట్టు పిల్ల నా ముందు నిలబడ్డ ఆ తీరు నాకు బాగుందా? బాగుందేమో.

"ఎక్కడ పోయింది?" అన్నాను.

"తెల్వదు."

"తెల్వదేటి తెల్వదు. పక్కింటి మాటలన్నీ నీ నోట్లోనే ఉన్నాయి. కాళ్ళొచ్చి నడిచెల్లిపోనాదేటి పొత్రం?"

మంచంమీద పేపరు చదువుతున్న మా మరిది నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు బాగుంది.

"ఎతుకు. దొరికాక అన్నం."

దానికి ఏడేళ్ళు. చెప్పులు తిరగేసింది, తూము దగ్గర కూర్చుని వేలు పెట్టి చూసింది, చీపురు పుల్లతో అర కింద గీరింది. కంచాలు పెట్టాను. తోడికోడలు నెమ్మదిగా, "పోనీ అక్కా, రేపు ఎతుకుతాదిలే" అంది.

"నువ్వూరుకో. ఇయాల పొత్రం, రేపు మెళ్ళో గొలుసు."

రమణి గుమ్మంలో నిలబడి, నేను పప్పన్నం కలుపుతుంటే నా చేతినే చూస్తోంది. అలా చూస్తూనే అంది. "మల్లికిచ్చాను."

పొత్రం నా రొంటిన గుచ్చుకుంటూనే ఉంది. పిల్ల అబద్ధం చెబుతోందని ఆ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. "అదీ, నిజం చెప్పు మరి" అని, నెయ్యి వేసి, ముద్దలు చేసి పెట్టాను. తినేసింది. ఆకలి మీద ఉంది.

మర్నాడు పొద్దున్నే తోడికోడలు, నాతో చెప్పకుండా, గొడవ లేకుండా అడిగి తెద్దామనుకుని పక్కింటికి వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేలోపే యాదమ్మ వచ్చింది. ఒక చేతిలో మల్లి చెయ్యి, ఇంకో చేతిలో ఎర్ర సంచి. వరండాలో సంచి బోర్లించింది. చింతగింజలు, సోడా మూతలు, గాజు ముక్కలు, దారపు కండెలు, తలలేని ఒక ప్లాస్టిక్ బాతు.

"ఏందమ్మా, మా పిల్ల మీ బొమ్మ తెచ్చిందంట. చూడుండ్రి. ఉన్నయన్నీ తెచ్చిన. మీరే లెక్కవెట్టుకోండ్రి, మీకు లెక్కలంటే మస్తు ఇష్టం గదా."

నేను కూర్చున్నాను. ఇది రాయడానికే ఇంతసేపు పట్టింది. నేను కింద కూర్చుని, ఆ చింతగింజల్ని అటూ ఇటూ జరిపి, నిజంగా వెతికాను. అప్పటికి పొత్రం నా పెట్టెలో, చీరల అడుగున ఉంది. మల్లి ఏడవలేదు. నన్ను చూడలేదు. రమణినే చూస్తోంది. రమణి స్తంభం వెనక్కి జరిగింది.

"లేదు" అన్నాను. లేచి, పెద్దమనిషి తరహాగా, "పోనీలే యాదమ్మా, పిల్లలు కదా" అన్నాను.

"ఏంది పోనిచ్చేది? మీరు మాఫ్ చేసుడు మాకొద్దు" అంది యాదమ్మ. కూర్చుని ఒక్కొక్క గింజా ఏరి సంచిలో వేసుకుంది. మల్లి ఆ తర్వాత పిట్టగోడ ఎక్కలేదు.

అర వెనక పడేసి, దొరికిందని అరవచ్చు కదా అని మీరు అడుగుతారు. ఆలోచించాను. దొరికితే మల్లి మంచిదవుతుంది, రమణి అబద్ధాలకోరవుతుంది. ఎందుకు అబద్ధమాడావే అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆకలేసింది అంటుంది. ఆకలితో ఎవరుంచారు అనే ప్రశ్న దగ్గరికి వస్తుంది లెక్క. ఎటునుంచి కూడినా ఆఖరికి నా దగ్గరే తేలుతోంది. అందుకని తేల్చలేదు.

రమణి ఆ పిడతలతో మళ్ళీ ఆడలేదు. లెక్కపెట్టడం మాత్రం మానలేదు. ఇరవై. రోజూ ఇరవై. ఇప్పుడు దానికి పిల్ల పుట్టింది, ఉద్యోగం చేస్తోంది, అల్వాల్‌లో సొంత ఇల్లు కొనుక్కుంది. బయటికి వెళ్తే గేటు తాళం లాగి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగుతుంది. పిల్ల స్కూలు సంచి పొద్దున మూడుసార్లు విప్పుతుంది. ఎవరైనా నవ్వితే, "మా పెద్దమ్మ పెంపకం" అని నన్ను చూసి గర్వంగా చెబుతుంది. మా ఆయన పోయాక నన్ను తన ఇంటికి తెచ్చుకున్నది కూడా అదే.

కిందటి నెల దాని కూతురు తారకు బొమ్మలు ఎక్కువైపోయాయని, మూతలున్న ప్లాస్టిక్ పెట్టెలు, ఒక రాక్ కొనుక్కొచ్చింది. "నీ అంత బాగా ఎవరు సర్దుతారు పెద్దమ్మా" అని నన్నే కూర్చోబెట్టింది. బ్లాకులు ఒకదాంట్లో, కార్లు ఒకదాంట్లో, మెత్తటివి కింద అరలో. సర్దుతుంటే అటకమీది నుంచి తాటాకు బుట్ట కూడా దించింది. మూత చీకిపోయింది. పిడతల రంగు పోలేదు. తార వాటిని ఒక్కొక్కటే తీసి, రుబ్బురోలు పట్టుకుని, "దీంట్లో దేంతో రుబ్బాలి?" అంది.

"దాని పొత్రం పోయింది. నేనే పోగొట్టాను" అంది రమణి.

తార పెన్ను మూత ఒకటి అందులో పెట్టి తిప్పుకుంటూ అవతలికి వెళ్ళింది. రమణి పెట్టెలకు చీటీలు అంటిస్తోంది. తల ఎత్తకుండా అంది.

"పెద్దమ్మా, నీకో మాట చెప్పాలి. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. మల్లికి నేనేమీ ఇవ్వలేదు. అన్నం పెడతావని చెప్పాను."

నేను మెత్తటి బొమ్మ ఒకటి తీసి కింద అరలో పెట్టాను.

"మొన్న తార ఫంక్షన్ డ్రెస్ కుట్టిద్దామని రెజిమెంటల్ బజార్ వెళ్ళానా, వాళ్ళ నాన్న షాపులో మల్లే కూర్చునుంది. నన్ను గుర్తుపట్టింది. మెడలో టేపు, చేతిలో చాక్‌పీసు, అలాగే ఆగిపోయింది. నేను గుడ్డ ఇవ్వకుండానే వచ్చేశాను. వెళ్ళి చెప్పేస్తే బాగుణ్ణనిపిస్తోంది. నిన్ను దొంగను చేసింది నేనే, తప్పు నాదే అని."

ఇలాంటి అవకాశం నాకు మళ్ళీ రాదు. నా మంచం పక్కనే, మా ఆయన పోయాక ఇంకెవరూ తెరవని కుంకుమ భరిణెలో పొత్రం ఉంది. లేచి ఆరడుగులు వేస్తే చాలు. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

"పోనీలే" అన్నాను. "చిన్నపిల్లవి కదా."

అదే మాట. యాదమ్మతో అన్నదే. నేను చేసిన దానికి వాళ్ళను క్షమించడం ఇది రెండోసారి. యాదమ్మ వద్దని నా మొహాన కొట్టింది. రమణి తీసుకుంది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అది కూడా చాలలేదు నాకు. "మల్లి దగ్గరికి ఇప్పుడెందుకు? పాతవి తవ్వుకుంటే దానికీ బాధే" అన్నాను. మల్లి బాధ గురించి మాట్లాడాను నేను. వాళ్ళిద్దరూ కూర్చుని ఆ రోజును మొదటి నుంచీ చెప్పుకుంటే, ఇవ్వనిది ఎక్కడికి పోయిందబ్బా అని ఇద్దరూ ఒకేసారి అనుకుంటారని నా భయం. రమణి ఆలోచించి, సరేలే అంది. నీకు చెప్పాక మనసు తేలికైంది పెద్దమ్మా అని కూడా అంది.

ఇది చదివి ఎవరూ నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించడం ఎంత తేలికో నాకు తెలుసు, రెండుసార్లు చేశాను. రమణికి చెబుతానా? చెబుతానని రాసి మిమ్మల్ని మభ్యపెట్టను. ఈ ఇల్లు తప్ప నాకు వేరే ఇల్లు లేదు, ఆ పిల్ల తప్ప వేరే పిల్ల లేదు. అయితే ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నాలో నేను కూడా పూర్తిగా పలకని వాక్యం ఒకటుంది. దాన్ని రాస్తున్నాను. పొత్రం మల్లి తీసుకోలేదు, రమణి పోగొట్టలేదు, నేను దాచాను.

ఇవాళ ఆ తేదీ. సాయంత్రం అయింది. తార పెట్టెలు మూసి, వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి, అన్నీ ఉన్నాయని చెబుతోంది. దానికి అది ఎవరూ నేర్పలేదు. రాత్రికి నాకు ఉపవాసమని పొద్దునే చెప్పాను. ఉపవాసమంటే అన్నం మానడమే కానీ ఖాళీ కడుపుతో పడుకోవడం కాదని రమణి ఏటా పోట్లాడుతుంది. వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన వస్తోంది. నాకు ఇష్టమని పెసరపప్పు వేసి ఉప్పుడుపిండి చేస్తోంది.

"పెద్దమ్మా, వేడిగా ఉన్నప్పుడే తినాలి. రా."

వెళ్తున్నాను.