చదవకుండా ఇచ్చిన నాలుగో పుస్తకం

మంచి ఫాంటసీ సిరీస్ ఏదైనా ఉంటే చెప్పండి అని ఎవరైనా అడిగితే నేను చటుక్కున పేరు చెప్పను. ఎవరి కోసం, రోజుకి ఎంతసేపు చదువుతారు, నచ్చిన మనిషి మధ్యలో చచ్చిపోతే తట్టుకుంటారా, చివరి సంపుటం ఇంకా రాలేదంటే నన్ను తిట్టుకుంటారా అని నిలబెట్టి అడుగుతాను. రాయచూరు బస్టాండు వెనక సందులో నాది జెరాక్సు షాపు. మెషీన్ పక్కన గోడకి మూడు అరల పుస్తకాలున్నాయి. వేరే గ్రహాల కథలు, మాంత్రిక రాజ్యాల కథలు, మనిషిలా ఆలోచించే యంత్రాల కథలు, అన్నీ వరస సంపుటాలే. కాగితాలు కాపీ తీయించుకోవడానికి వచ్చినవాళ్లకి నేనే అంటగడుతుంటాను. "వచ్చిన పని చేసి పంపకుండా ఆ పుస్తకాల సోది ఏంటండీ మీకు" అని మా ఆవిడ దెప్పుతుంది. దెప్పనీ. ఫోన్‌లో అడిగితే క్షణంలో వంద పేర్ల జాబితా వస్తుంది, నిజమే. ఆ జాబితాకి అడిగినవాడి మొహం కనిపించదు కదా!

ఇన్ని ప్రశ్నలకీ ముందు నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. చివరి పేజీ దాకా నేను చదవని సిరీస్ ఎవరి చేతిలోనూ పెట్టను. ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు. ఒక మనిషి ప్రాణం మీదకి తెచ్చి నేర్చుకున్నాను.

మూడేళ్ల కిందట ఒకావిడ వికలాంగుల పింఛను కాగితాలు పట్టుకుని షాపుకొచ్చింది. వాళ్లది చిక్కసూగూరు. భర్త గంజ్‌లో, అంటే మార్కెట్ యార్డులో హమాలీ. ఇరవై ఏళ్లు బియ్యం బస్తాలూ పత్తి మూటలూ వీపున మోసిన మనిషి. లోడు కట్టిన లారీ మీద నుంచి కాలు జారి పడ్డాడు. నడుము కింద నుంచి చచ్చుబడిపోయింది. కాగితాలు తీసి ఇస్తుంటే ఆవిడ కళ్లు అరల మీద ఉన్నాయి.

"సార్, గివన్ని కతలా?"

"కథలేనమ్మా."

"పొడుగు కతలా?"

"ఏడేసి పుస్తకాలు నడిచేవి కూడా ఉన్నాయి."

ఆవిడ కాగితాలు మడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. "మా ఆయన తిండి ముడ్తలేడు సార్. గోడ దిక్కు మొకం పెట్టుకోని సుమ్నె, ఊకె పంటడు. 'నన్ను యాడన్న దించేసి నువ్వు తల్లిగారింటికి పో' అంటడు. దినాం ఇంత సదివి, మిగిలింది రేపు సదువుత అంటె, రేపటికన్న ఉంటడేమో అని..."

నా జన్మలో ఇంత కష్టమైన కోరికతో ఎవరూ నన్ను పుస్తకం అడగలేదు. గొప్పగా ఆలోచించినట్టు గడ్డం గోక్కుని, పై అరలోంచి ఏడు సంపుటాల కట్ట ఒకటి దించాను. పల్చటి పుస్తకాలే. రెండు చందమామలున్న లోకం. ఒకరోజు తెల్లారేసరికి అక్కడి నది మాయమవుతుంది. ఎండిపోలేదు, లేచి ఎటో వెళ్లిపోయింది. దాన్ని వెతుక్కుంటూ నలుగురు ఉత్త ఇసుకలో బయల్దేరతారు. నది ఎటు పోయిందో వాసన పట్టి చెప్పగలిగినవాడు ఒక్కడే, పుట్టి నడిపేవాడు. కృష్ణ దాటడానికి మనవాళ్లు ఎక్కే ఆ గుండ్రటి పడవే పుట్టి. కానీ వాడికి కాళ్లు లేవు. అందుకని నలుగురూ వాణ్ణి పుట్టితో సహా భుజాల మీద మోసుకుపోతారు. వాడు పైన కూర్చుని దారి చెబుతాడు, బీడీలు అడుగుతాడు, మోసేవాళ్లని నోటికొచ్చినట్టు తిడతాడు.

"ఇది ఇవ్వండి. మీ ఆయనకి ధైర్యం వస్తుంది" అన్నాను. అప్పటికి నేను చదివింది మూడు సంపుటాలు.

ఆవిడ పుస్తకం తిరగేసి తిరిగిచ్చేసింది. "నాకు తెలుగు సదవరాదు సార్."

మర్చిపోయాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఇక్కడ సగం ఊళ్లు అంతే. కన్నడ కథ వెతకనా అంటే, అది ఆయనకి సమజవుతుంది గానీ కత ఇంటి మాటలోనే ఉండాలంది. సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి చూపించింది. భజన పాటలు. పాటలు తెలుగు, అక్షరాలు కన్నడ. ఆడవాళ్లు ఒకరి దగ్గర ఒకరు అలాగే ఎక్కించుకుంటారట. "గిట్ల రాసిస్తె సదువుత సార్."

నాకు రెండు లిపులూ వచ్చు. మాది మస్కి వైపు కాలవ కింద క్యాంపు, ఆంధ్రా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు. మా తాతల నాడు గోదావరి జిల్లా నుంచి వరి పండించడానికి వచ్చిన కుటుంబం. కన్నడ బడిలో నేర్చుకున్నాను, తెలుగు మా నాన్న ఇంట్లో బలపం పట్టించి నేర్పాడు. సరేనన్నాను. మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు కూర్చుని తెలుగు కథని కన్నడ అక్షరాల్లో నోటుబుక్కులకి ఎక్కించడం మొదలుపెట్టాను. గురువారం గురువారం ఆవిడ వచ్చి నోటుబుక్కు తీసుకునేది, వారం కబురు చెప్పేది. మొదటి వారం, విన్నడో లేదో తెలీదంది. రెండో వారం, "నిన్న యాడ ఆపినవ్ అని అడిగిండు" అంది. నెల తిరిగేసరికి సార్ పోయి అన్నా వచ్చింది. "రొట్టె తిన్నడన్నా! పుట్టోడు మోసేటోళ్లని 'అడ్డగాడిదల్లారా, నడుముల్లేవా' అంటె పకపక నవ్విండు" అంటూ ఏడ్చేసింది. ఆ రోజు నేను షాపు కట్టేసి ఇంటికి ఎలా వెళ్లానో! నా అంతటి సిఫారసుదారుడు ఈ భూమ్మీద లేడనుకున్నాను.

అలా నాలుగో సంపుటంలోకి వచ్చాను. చదువుకుంటూ ఎక్కించుకుంటూ పోతున్నాను. చివర్లో, ఎండిన ఒక మడుగు దగ్గర పుట్టివాడు మోసేవాళ్లని ఆపుతాడు. మిగిలిన దారి చెప్పేసి, నా బరువుతో మీరు చేరలేరు, నన్నిక్కడ దించి వెళ్లండి అంటాడు. వాళ్లు ఏడుస్తారు. దించి, పుట్టి ఒక్కటే తీసుకుని వెళ్లిపోతారు. రచయిత దాన్ని మహా త్యాగంగా పది పేజీలు రాశాడు. అందంగా రాశాడు కూడా.

కలం విసిరికొట్టాను. నీ చేతులు పడిపోనూ అని ఆ రచయితని తిట్టాను. ఆయన తప్పేముంది, చదవకుండా ధైర్యం వస్తుందని చేతిలో పెట్టిన వెధవని నేను. యాడన్న దించేసి పో అని మంచంలో మనిషి అన్న మాటనే తెచ్చి, రంగులద్ది, భార్య నోటితోనే ఆయనకి వినిపించబోతున్నాను. ఆవిడకి నిజం చెప్పేద్దామనుకున్నాను. గురువారం ఆవిడ వచ్చి, దిండు ఆనుకుని కూర్చుంటున్నాడని సంబరంగా చెప్పింది. నిజం నాలోనే ఉంచుకున్నాను.

ఆ పది పేజీలూ వదిలేశాను. మడుగు దగ్గర నలుగురూ కాసేపు ఆగి, మళ్లీ పుట్టి ఎత్తుకుని నడిచినట్టు నా సొంతంగా రెండు పేజీలు రాశాను. అక్కడితో తీరితేనా! ఐదో సంపుటంలో వాడు ఉండాలి కదా. అసలు పుస్తకంలో లేనివాణ్ణి నేను అక్కడో మాట, ఇక్కడో మాట పెట్టి నడిపించుకొచ్చాను. ఆరు కూడా అయింది. ఫరవాలేదు, మనకీ రాయడం అబ్బిందనుకున్నాను.

ఒక గురువారం ఆవిడ, "ఆయన మిమ్ములను ఒకపారి ఇంటికి రమ్మంటుండన్నా" అంది. ఎందుకో ఆ పిలుపు నాకు సవ్యంగా అనిపించలేదు. ఆదివారం పొద్దున చిక్కసూగూరు బస్సెక్కుతూ అసలు నాలుగో సంపుటం సంచిలో వేసుకున్నాను.

మనిషి వాకిలి పక్కన మంచంలో ఉన్నాడు. భుజాలు ఇంకా హమాలీ భుజాలే, దుప్పటి కింద కాళ్లు మాత్రం లేనట్టే ఉన్నాయి. ఆవిడ నాకు టీ ఇచ్చి, గడప దగ్గర కూర్చుని పుంటికూర, అదే మన గోంగూర, ఒలుచుకుంటోంది.

"సారూ, ఒకటడుగుత, నిజం చెప్తవా?"

"అడగండి."

"పుట్టోడు సచ్చిండా?"

టీ గ్లాసు కింద పెట్టాను.

"నాలుగో బుక్కు కాడికెల్లి వాడు తిడ్తలేడు" అన్నాడు. "మొదాట్ల ఎట్లుండె వాడు! బీడి ఇయ్యకుంటె దారే చెప్పకపోతుండె. ఇప్పుడేమో 'కొంచెం మెల్లగా నడవండీ' అంటడు. మంచిగ మోసిండ్రని దండం పెడ్తడు. అచ్చం మీ క్యాంపోళ్ల మర్యాద. ఇరవై ఏండ్లు మోసిన సారూ నేను. మోసేటోనికి ఎరుక, పైనున్నది మనిషా, ఉత్త మూటనా అని. నువ్వు గాన్ని మూట చేసినవ్."

తలెత్తలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. చదవకుండా ఇచ్చానని, ఆ పేజీలు చూసి భయపడ్డానని, మీ గురించే భయపడ్డానని చెప్పాను. భార్య చేతులు ఆగాయి. ఆమెకీ అప్పుడే తెలిసింది.

"అసలుది తెచ్చినవా?"

"తెచ్చాను."

"సదువు."

చదివాను. పది పేజీలూ, ఒక్క ముక్క వదలకుండా. ఆయన కళ్లు పైకప్పు మీదే ఉన్నాయి. నేను పుస్తకం మూశాను.

"నలుగురు కలిసి దించిండ్రు" అన్నాడు. అటు తిరక్కుండానే భార్యని అడిగాడు. "నేను బరువున్ననా?"

ఆవిడ మళ్లీ ఆకు అందుకుంది. "బరువే ఉన్నవ్" అంది. "రెండు మూటలున్నవ్. నిన్ను పొర్లిచ్చేవరకు నా నడుము ఇరుగుతది."

ఇదేం ఆడది, ఇప్పుడా ఈ మాట అనేది అనుకున్నాను.

"దించుమని నేనడిగిన్నా?" అందావిడ. "దిగుత దిగుత అని నీ అంతట నువ్వే అంటవ్. మోసేదాన్ని నేను. నన్నొక్కపారన్న అడిగినవా?" ఒడిలో ఆకంతా నేల మీద పడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆయన మోచేయి కళ్ల మీద వేసుకున్నాడు. ఆ భుజాలు కదలడం చూశాను. అక్కడ ఇక నాకేం పని, లేచి నిలబడ్డాను.

"కూసో" అన్నాడు చేయి తీయకుండానే. "ఆ రాసినాయనకు మోసుడు తెల్వదు సారూ. మోసేటోన్ని అడగకుండ దిగుడేంది? పుట్టోడు తప్పు చేసిండు." ముక్కు తుడుచుకున్నాడు. "నీ కతనే నడువనియ్యి. వాన్ని దించకు. కని నోరు కట్టెయ్యకు. తిట్లు నేను చెప్త, నువ్వు రాయి."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున చిక్కసూగూరు వెళ్లేవాణ్ణి. నాలుగో సంపుటం చివరి నుంచి మళ్లీ మొదలుపెట్టాం. అసలు కథ నేను చదివేవాణ్ణి, పుట్టివాడు మాట్లాడాల్సినచోట ఆయన చెప్పేవాడు. అబ్బ, ఏం తిట్లు! గంజ్‌లో లోడెత్తే చోట నేర్చినవి, తెలుగూ కన్నడా ఉర్దూ కలిసినవి. కొన్ని రాయడానికి నా చేయి రాలేదు. "రాయి సారూ, సిగ్గెందుకు" అనేవాడు. లోపల్నుంచి ఆవిడ, "అయ్యో, అది నేను సదవ" అని కేకేసేది. చదివేది.

ఆయన పోయిన చలికాలం చనిపోయాడు. మూత్రపిండాలు చెడిపోయాయి. ఆసుపత్రిలో కూడా ఆఖరి పూట దాకా అడిగి తిన్నాడని ఆవిడ చెప్పింది. ఆ మాట రెండుసార్లు చెప్పింది. దినాలయ్యాక నోటుబుక్కులన్నీ గుడ్డలో మూటగట్టి షాపుకి తెచ్చింది. "ఎవరికన్న అక్కరుంటదన్నా, ఇయ్యి" అంది. పై అరలో పెట్టాను. కన్నడ అక్షరాలొచ్చి, ఇంట్లో తెలుగు వినేవాళ్లుండి, నా ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పినవాళ్లకి ఇప్పుడు నేను సిఫారసు చేసే సిరీస్ అదే. చివరిదాకా చదివాను కాబట్టి ధైర్యంగా ఇస్తాను.

అచ్చు పుస్తకంలో ఏడో సంపుటం చివర వాళ్లకి నది దొరుకుతుంది, ఖాళీ పుట్టిని నీళ్లలో వదిలి దండం పెడతారు. మా నోటుబుక్కులో అలా లేదు. ఆ ఆదివారం నాకు బాగా గుర్తు. నలుగురూ నీళ్ల ఒడ్డుకొచ్చారు, పుట్టిని భుజాల మీద నుంచి దించి నీటి మీద పెట్టారు, అది తేలింది అని రాసి ఆయన వైపు చూశాను. "ఇప్పుడు ఏమంటాడండీ?" అన్నాను. భార్య గడపలో నిలబడి ఉంది. ఆవిడనే చూస్తూ, మెల్లగా చెప్పాడు. నేను కన్నడ అక్షరాల్లో ఎక్కించాను.

"ఎక్కుండ్రి, అడ్డగాడిదల్లారా. ఇగ నేను మోస్త."