ఠప్పుమన్న సౌదీ కంప్యూటర్

కంప్యూటర్ ఆన్ కావట్లేదని ఎవరైనా ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది ఒక్కటే: "సప్పుడైందా, వాసనొచ్చిందా?" చాలామంది ఈ ప్రశ్నకు చిరాకు పడతారు. పడితే పడనీ. కోరుట్లలో రిపేరు దుకాణం పెట్టిన కొత్తలోనే నాకు తెలిసిపోయింది, స్క్రూడ్రైవర్ కంటే ముందు చెవికీ ముక్కుకీ పని చెప్పాలని. వైరు ఊడిందో లేదో కూడా చూడకుండా డబ్బా మొత్తం విప్పి పరిచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తెలంగాణ కోసం ఎడతెగకుండా బంద్‌లు నడుస్తున్న కాలం అది. ఒక శుక్రవారం పొద్దున షట్టర్ దించి లోపల ఊరికే కూర్చున్నాను. చందుర్తి పక్క పల్లె నుంచి ఒకామె ఫోన్ చేసింది. అంతకు కొన్నాళ్ల ముందు నా దగ్గరే ఇంటర్నెట్ డేటాకార్డు కొనుక్కుపోయిన మనిషి. భర్త సౌదీలో తాపీ పని చేస్తాడు. అక్కడ తన గదిలో వాడుకున్న కంప్యూటర్‌ను కెమెరాతో సహా, సెలవు మీద ఊరికొస్తున్న ఒకతనితో ఇంటికి పంపించాడు. శుక్రవారం ఆయనకు పని ఉండదు, మధ్యాహ్నం స్నేహితుడి లాప్‌టాప్ దొరుకుతుంది. ఆ పూట వీడియోలో మాట్లాడుకుందామనుకున్నారు.

"నిన్న ఆయన ఫోన్ల జెప్పినట్టే అన్ని వెట్టి స్విచ్చేసిన అన్నా. ఠప్పుమన్నది. కాలిన వాసనొచ్చింది. ఇగ లేస్తలేదు," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నేనే కాలవెట్టిన్నని మా అత్తమ్మ వాడకట్టంత జెప్తుంది. ఇయ్యాల ఆయనకు గూడ గదే జెప్తదట. ఎండల పని జేసి కొనుక్కున్న సామాను అన్నా. ఆయన ఏమనుకుంటడు?"

మామూలుగా బంద్ రోజు నేను కదలను. ఆ మాట విన్నాక కూర్చోబుద్ధి కాలేదు. చప్పుడూ వాసనా రెండూ ఉన్నాయంటే కరెంటు పంచిపెట్టే ఎస్ఎంపీఎస్ డబ్బా పోయినట్టే. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి కాబట్టి నా సొంత కంప్యూటర్‌లోని ఎస్ఎంపీఎస్ విప్పి సంచిలో వేసుకుని బండి తీశాను.

దారిలో బంద్ చేస్తున్నవాళ్లు నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నా సంచి చూసి ఒకాయన అడ్డం నిలబడ్డాడు. "బంద్ నాడు యాపారమానే?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "యాపారం గాదు, సౌదీల ఉన్నోని ఇంటికి పోతున్న. ఆడివిల్ల ఏడుస్తుంది," అన్నాను. సౌదీ మాట వినగానే ఆయన మెత్తబడ్డాడు. ఆ గుంపులో అన్నో తమ్ముడో గల్ఫ్‌లో లేని మనిషి ఉండి ఉండడు. అయినా బువ్వ తినకుండా మాత్రం పోనివ్వలేదు. విస్తరి ముందు పెట్టారు. పప్పుచారు చాలా బాగుంది, కాదనను.

ఇంటికి చేరేసరికి అత్తగారు అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. "ఆగుమంటె ఆగదు కొడుకా. తొందరవడ్డది. నా కొడుకు కష్టం బుగ్గి జేసింది," అంది నన్ను చూడగానే. కోడలు గడపలో తలవంచుకుని నిలబడింది.

నేను కంప్యూటర్ దగ్గరకు పోకుండా అది వచ్చిన అట్టపెట్టె అడిగాను. ఏదైనా సామాను పోతే ముందు దాని పెట్టె చూడడం నా అలవాటు. అడుగున ఒక వైరు చుట్ట కనిపించింది. దాని పిన్నుకు గుండ్రటి కాళ్లు లేవు, రెండు సన్నటి పలకలు ఉన్నాయి.

"గిది ఎందుకు వెట్టలే చెల్లె?"

"మన బోర్డుల వట్టలే అన్నా. సిరిసిల్ల నుంచి వేరే వైరు తెప్పిచ్చిన."

నాకు సంగతి అర్థమైపోయింది. కంప్యూటర్ డబ్బా వెనక్కి తిప్పి చూశాను. ఎస్ఎంపీఎస్ మీద చిన్న ఎర్ర స్విచ్చు, దాని మీద 115 అంకె. ఆయన ఉన్న గదిలో కరెంటు మన దాంట్లో సగమే. అక్కడ ఆ స్విచ్చు అలాగే ఉండాలి, మన దగ్గర 230 మీదకు జరపాలి. జరపకుండా మన కరెంటు ఇస్తే ఏ మెకానిక్ చేతిలోనైనా ఠప్పుమనాల్సిందే.

ఊహ మీద వదిలేసే మనిషిని కాదు నేను. ఆమె తలపిన్ను అడిగి తీసుకుని, పాత ఎస్ఎంపీఎస్ వైర్లలో ఆకుపచ్చదాన్నీ నల్లదాన్నీ దానితో కలిపాను. బాగున్నదైతే అలా కలపగానే దాని ఫ్యాను తిరగాలి. ఫ్యాను తిరగలేదు. నేను తెచ్చినదానికి అలాగే పెడితే గిర్రున తిరిగింది. దాన్నే బిగించాను.

"అవ్వా, గీ పిల్ల తప్పేం లేదు. స్విచ్చు సౌదీ లెక్కనే ఉన్నది," అన్నాను.

"మిషన్ల ముచ్చట మాకేమెరుక కొడుకా. చెయ్యివెట్టింది గదే గద," అంది ఆమె, బీడీల మీంచి తల ఎత్తకుండా. ఇక లాభం లేదు, కొడుకు నోట వస్తే తప్ప ఆమె నమ్మదు.

కోడలిని కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్వే ఆన్ జెయ్యి," అన్నాను. "వద్దన్నా, మల్ల కాల్తే?" అంది. "కాలది. నేను జెప్తున్న గద," అన్నాను. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, చెయ్యి చాచి నొక్కింది. తెర వెలిగింది. డేటాకార్డు పెట్టాక కాసేపటికి తెర మీద ఆమె భర్త కనబడ్డాడు.

పలకరింపులు కాకముందే నేను మధ్యలో దూరి ఎర్ర స్విచ్చు సంగతి చెప్పేశాను.

"అవ్వా, తప్పు నాదే," అన్నాడు ఆయన. "దాన్ని మార్చుమని జెప్పుడు మర్చిన. నీ కోడల్ని ఏమనకు."

ముసలమ్మ చాట పక్కన పెట్టి లోపలికి వచ్చింది. తెర వైపు, తర్వాత కోడలి వైపు చూసింది. "జెర దగ్గరికి జరుగవే, వానికి మంచిగ కనవడు," అంది.

"ఎవరు బాగుజేసిన్రు? ఆ అన్ననేనా ఆన్ జేసింది?" అని అడిగాడు ఆయన.

నిన్నటి నుంచి ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారిగా వచ్చేసింది ఆమెకు. కొంగుతో మొహం తుడుచుకుని సరిగ్గా తెర ముందుకు జరిగింది.

"అన్న బాగుజేసిండు. ఆన్ జేసింది మాత్రం నేనే," అంది.