అవ్వ బోర్లించిన గ్లాసు

తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న ఆ రోజుల్లో సిద్దిపేటలో అన్నీ బందే. బడులు బందు, ఆఫీసులు బందు, బస్సులు డిపో గేటు దాటడం బందు. పొద్దున లేస్తే ఎవరో ఒకరు నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వంటావార్పు మొదలుపెట్టేవారు. తెలంగాణ వచ్చేదాకా గడ్డం గీయించుకోనని ఒకడు, చెప్పులు తొడగనని ఇంకొకడు ఒట్టు పెట్టుకునేవాళ్లు. మా వాడలో ఒకాయన చాయ్ మానేసి, నెల తిరక్కుండానే మళ్లీ మొదలుపెట్టి, ఇది చాయ్ కాదు కషాయం అని బుకాయించాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఏ మొహం పెట్టుకుని నవ్వానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

బాపు పోయాక ఇంట్లో నన్ను కన్న అవ్వా, నేనూ మిగిలాం. అవ్వ రాట్నం తిప్పి కండెలు చుట్టేది, నేను నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మలుండే చీరలు నేసేవాణ్ణి. నాకు భయం జబ్బు. ఉత్త పుణ్యానికి గుండె దడదడలాడుతుంది, ఊపిరాడదు, వాడకట్టంతా నా గురించే గుసగుసలు పోతున్నట్టు ఉంటుంది. హైదరాబాద్ దవాఖానలో డాక్టరు చూసి, ఇది పెరుగుతుంది, తగ్గుతుంది, మొత్తానికి పోయేది కాదు, గోలీలు మాత్రం ఆపొద్దు అన్నాడు. గంజాయి తాగుతావా అని అడిగితే అప్పుడప్పుడు అన్నాను. మానెయ్యమన్నాడు. బుద్ధిమంతుడిలా తలూపాను.

అప్పుడప్పుడు కాదు, రోజూ తాగేవాణ్ణి. మొదట్లో సగం బీడీలో కూరితే చాలు, భయం తోక ముడిచేది. తర్వాత ఒకటి కావాల్సి వచ్చింది, ఆ తర్వాత రెండు మూడు. చివరికి ఎంత పీల్చినా దగ్గు తప్ప ఏమీ రావడం లేదు. భయం భయంలాగే ఉంది, పైగా చేతులు మొద్దుబారాయి. గొల్లభామ నెత్తి మీద కుండ రావాలంటే పోగులు లెక్కబెట్టి చేత్తో లేపాలి. ఆ లెక్క తప్పుతోంది. ఒకరోజు అవ్వ మగ్గం మీది చీర కొంగును వేళ్లతో తడిమి చూసింది.

"గీమె నెత్తి మీద కుండేది కొడుకా?" అంది.

నాకు కోపమొచ్చింది. తప్పు నాది, కోపం ఆమె మీద. కండెలు సరిగా చుట్టలేదని కసురుకున్నాను. ఆమె చుట్టిన కండెలన్నీ విప్పి మళ్లీ చుట్టింది.

నాకు గంజాయి తెచ్చిచ్చే ఆటో నడిపే దోస్తు ఒకడుండేవాడు. వాడే ఉపాయం చెప్పాడు. ఒళ్లు దానికి అలవాటు పడిందనీ, కొన్నాళ్లు ఆపితే మళ్లీ కొత్తగా ఎక్కుతుందనీ అన్నాడు. ఎలాగూ బస్సులు లేవు, సరుకు రావడం లేదు. ఇదే మంచి అదను అనుకున్నాను. మానాలని మాత్రం అనుకోలేదు. కొంచెంతోనే మళ్లీ మంచిగా పట్టాలి, అంతే.

ఆ సాయంత్రం అవ్వతో గంజాయి బందు పెడుతున్నానని చెప్పాను. ఎన్నాళ్లో చెప్పలేదు. ఆమె అప్పుడు అరుగు మీద కూర్చుని కల్లు తాగుతోంది. పగలంతా రాట్నం తిప్పాక ఒక గ్లాసు కల్లు, అదొక్కటే ఆమెకున్న సుఖం. అది తాగితే మోకాళ్ల నొప్పి తగ్గేది, నిద్ర పట్టేది. నా మాట వినగానే గ్లాసు కింద పెట్టింది.

"తెలంగాణ వచ్చేదాంక నువ్వు గా ఆకు ముట్టొద్దు, నేను కల్లు ముట్ట. ఇద్దరిది ఒక్కటే ఒట్టు," అంది.

నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుంది. మిగిలిన కల్లు పారబోసి, గ్లాసు కడిగి, అలమరలో బోర్లించింది. అప్పుడే చెప్పాల్సింది, అవ్వా ఇది కొన్నాళ్ల ముచ్చటే, నువ్వెందుకు మానుతావని. నోటిదాకా వచ్చింది. కానీ ఆమె మొహం వెలిగిపోతుంటే మింగేశాను.

తర్వాతి రోజులు నరకమే. చెమటలు, చికాకు, ఆకలి లేదు, కన్ను మూస్తే పిచ్చి కలలు. అరచేతుల చెమటకు పట్టు పోగు మీద మరకలు పడేవి. అవ్వ పరిస్థితీ అంతే. చేతులు వణికి రాట్నం మీద దారం తెగేది. మోకాళ్లు పట్టుకుని మూలిగేది. తెల్లవారుజామున ఇద్దరం లేచి అరుగు మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. నాక్కూడా గట్లనే ఉంది, ఓర్సుకో బిడ్డా అని నా వీపు నిమిరేది. ఇద్దరిదీ ఒకే కష్టం అనుకుంది పిచ్చితల్లి. ఆమె ఒట్టు కోసం ఓర్చుకుంటోంది, నేను మళ్లీ తాగడం కోసం ఓర్చుకుంటున్నాను.

రిలే నిరాహార దీక్షల్లో మా పద్మశాలీల వంతు వచ్చింది. అవ్వా నేనూ మెడలో దండలు వేసుకుని టెంటు కింద కూర్చున్నాం. సాయంత్రం నిమ్మరసం తాగించే ముందు, అవ్వ కల్లు మానిన సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, మైకు పట్టుకున్నాయన ఆమెను ముందుకు పిలిచి ఈ ముసలవ్వను చూసి నేర్చుకోవాలన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు మానావవ్వా అని ఎవరో అడిగితే, తెలంగాణ కోసం అని ఊరుకుంది. కొడుకు పరువు కాపాడింది. నా వైపు ఒక్కసారి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నా మెడలో బంతిపూల దండ ముళ్లకంపలా గుచ్చుకుంది.

సమ్మె ఆగింది. బస్సులు తిరిగాయి. దోస్తు పొట్లం తెచ్చాడు. సగం బీడీ చాలింది. అబ్బ, ఎంత హాయిగా ఉండిందో! అబద్ధమెందుకు చెప్పాలి, ఏడుపొచ్చేంత హాయి. భయం లేదు, దడ లేదు. ఇంటికొస్తే అవ్వ జొన్నరొట్టె పెట్టి, కండ్లెందుకు ఎర్రగున్నయని అడిగింది. దుమ్ము పడిందన్నాను. గిన్నెలో నీళ్లు తెచ్చి కళ్లు కడిగింది. కడిగించుకున్నాను.

మళ్లీ సగం ఒకటైంది, ఒకటి రెండైంది. మళ్లీ ఆపాను, మళ్లీ మొదలుపెట్టాను. ఇలా ఒకసారి ఆపినప్పుడు నాకో తెలివి పుట్టింది. ఉపవాసమంటే ఏదీ నోట్లో వేసుకోకూడదు కదా, ఒళ్లు పూర్తిగా శుభ్రం కావాలంటే గోలీలు కూడా ఆపాలి అనుకున్నాను. దీక్ష టెంటు నేర్పిన తెలివి! వారం తిరక్కుండానే మెదడు చెడింది. ఊరేగింపు మైకులో నా పేరే పిలుస్తున్నారని, నా ఒట్టు సంగతి ఊరంతా చాటుతున్నారని, మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలో దాక్కున్నాను. అవ్వ ఆ మోకాళ్లతో గుంతలోకి దిగి, నన్ను పట్టుకుని కూర్చుంది. మర్నాడు బస్సులో హైదరాబాద్ తీసుకుపోయింది.

గంజాయి ఇంకా తాగుతున్నాడా అని డాక్టరు అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది.

"లేదు సారూ, ఎన్నడో ఇడిసిండు. నేను సాక్షి," అంది.

డాక్టరు ఆ మాట నమ్మాడు. అయితే జబ్బే ముదిరిందనుకుని గోలీల బలం పెంచాడు. నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. ఆ గోలీలతో ఒళ్లు ఉబ్బింది, పగలే మగ్గం మీద తూగేవాణ్ణి. అవ్వ సాక్ష్యానికి ఫలితం నేను మింగాను. న్యాయమే అది.

రాష్ట్రం వచ్చిన రోజు ఊరు ఊరంతా రోడ్డు మీదే. డప్పులు, పటాకులు, రంగులు. కల్లాయన సైకిల్ మీద తాటికల్లు కుండలు కట్టుకుని నేరుగా మా ఇంటికొచ్చి, మొదటి లొట్టి నీకే అవ్వా అని ఒక కుండ దించిపోయాడు. అవ్వ అలమరలోంచి గ్లాసు తీసి, కడిగి, నిండా పోసింది. తను తాగలేదు. నా ముందు పెట్టింది.

"ముందుగల్ల నువ్వు తాగు. నీ ఒట్టు నా దానికంటె బరువుది," అంది.

గ్లాసు నా వైపు జరిపిన ఆ చేతులు చూశాను. ఇన్నేళ్లు ఆ గ్లాసు కోసం ఎదురుచూసిన చేతులవి. తాగేసి ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. నా వల్ల కాలేదు.

"నేను ఇడువలే అవ్వా. నడుమ నడుమ ఆపిన, గంతే. మల్ల మంచిగ ఎక్కాల్నని ఆపిన," అన్నాను.

తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. బయట డప్పు మోగుతూనే ఉంది. ఆమె గ్లాసులోని కల్లు ఒక్క చుక్క ఒలకకుండా లొట్టిలోకి వంచింది. గ్లాసు కడిగింది. అలమర దగ్గరికి పోయి బోర్లించింది.

"గట్లయితే నాకు తెలంగాణ ఇంక రాలె కొడుకా," అంది.

ఆ లొట్టి పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. తర్వాతి నెల డాక్టరుకు ఆమె ఎదుటే నిజం చెప్పాను. ఆయన గోలీలు మార్చాడు, వాటిని ఎన్నడూ ఆపొద్దన్నాడు. గంజాయి మళ్లీ ఎక్కాలని ఆపడం కాదు, మానాలని తగ్గించుకుంటూ రమ్మన్నాడు. తగ్గిస్తున్నాను. గొల్లభామల నెత్తి మీదికి కుండలు తిరిగొచ్చాయి. కానీ భయం పట్టిన రోజున ఇప్పటికీ చెయ్యి పొట్లం వైపే పోతుంది, కొన్నిసార్లు ఆపుకోలేను. అవ్వ అడగదు. మోకాళ్లకు ఆముదం రాసుకుని పడుకుంటుంది. అలమర తుడిచినప్పుడు ఆ గ్లాసు ఎత్తి, దాని కింద తుడిచి, మళ్లీ బోర్లిస్తుంది.