పానకం తాగిన అక్క, ఓడెక్కిన జనం

నా చిన్నప్పుడు, డెబ్బైల్లో, చల్లపల్లి దగ్గర మా పల్లెలో ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దవాళ్లు చర్చిలోనే చాపల మీద కూర్చుని సంఘం సంగతులు తేల్చుకునేవారు. మాది బాప్టిస్టు సంఘం. పాస్టరుగారిని పెట్టుకోవాలన్నా, పైకప్పు పెంకులు మార్చాలన్నా సభ్యులంతా చేతులెత్తాల్సిందే. నాట్లకు వెళ్లే అవ్వ చెయ్యీ, రిటైరైన హిస్టరీ మేష్టారు మా తాతయ్య చెయ్యీ అక్కడ ఒకటే. పిల్లలకు మాత్రం అదంతా మహా విసుగు.

ఒక ఆదివారం నాకు విసుగన్నదే తెలియలేదు. ఆ రోజు మాట పక్కింటి అక్క గురించి. అక్క బెజవాడలో నర్సు. తోటి నర్సుతో కలిసి మంగళగిరిలో వాళ్లింటికి వెళ్లి, వాళ్లతోపాటే కొండెక్కి, స్వామికి పోయగా మిగిలిన పానకం తాగి వచ్చింది. తాగి ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది. మిరియాల ఘాటూ ఏలకుల వాసనా ఎంత బాగున్నాయో వీధంతా తిరిగి చెప్పింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. విగ్రహానికి అర్పించింది తాగింది కాబట్టి సభ్యత్వం తీసెయ్యాలని సంఘ పెద్దలు పట్టుబట్టారు. అదే జరిగితే వచ్చే నెల ఆ చర్చిలో కావలసిన అక్క పెళ్లి ఆగిపోయినట్టే. పెళ్లికొడుకువాళ్లు సంఘం మాట దాటే మనుషులు కారు.

అక్క తల మీద కొంగు కప్పుకుని గోడవారగా కూర్చుంది. నాకు పాటలు నేర్పిన మనిషిని అలా చూడలేక ఏడుపొచ్చింది. తాతయ్య మీద కూడా నాకు ఆశ లేదు. సంగతి తెలిసిన రోజున అక్కను పిలిచి అందరికంటే గట్టిగా చీవాట్లు పెట్టింది ఆయనే.

పాస్టరుగారు చేతులెత్తమనబోతుంటే తాతయ్య లేచారు. క్లాసులో పాఠం చెప్పినట్టే నిదానంగా మొదలుపెట్టారు. వెనకటికి ఇంగ్లండులో రాజు చెప్పినట్టే ప్రార్థన చెయ్యాలంటే, అలా చెయ్యలేక కొందరు ఓడెక్కి అమెరికా వెళ్లారట. మనం సంఘంలో చేరేటప్పుడు చేసినట్టే దేవుడి ముందు నిబంధన, అంటే ఒడంబడిక, చేసుకుని, తమను తామే పాలించుకుంటామని ఊళ్లు కట్టుకున్నారట. ఆ దేశపు రాజకీయానికి పడ్డ పునాదుల్లో అదొకటన్నారు. అయితే మనస్సాక్షి మీద ప్రభుత్వానికి అధికారం లేదన్నాడని, వాళ్లే తమలోని ఒక బోధకుణ్ణి వెళ్లగొట్టారట. ఆయన మంచులో నడిచి పోయి, ఎవరి ప్రార్థన వాళ్లదే అనే ఊరొకటి పెట్టాడు. ఆ దేశంలో మొదటి బాప్టిస్టు సంఘం పుట్టింది అక్కడే. చాలా కాలానికి దేశం చట్టాలు రాసుకున్నప్పుడు, ప్రభుత్వం ఎవరి మతంలోనూ వేలు పెట్టకూడదని పోరినవాళ్లలో ఆ సంఘాలవాళ్లూ ఉన్నారు.

"మన తెలుగోళ్లకి మొదట వాక్యం తెచ్చిన బాప్టిస్టు దొరలు ఆ సంఘాలోళ్లేనండీ," అన్నారు తాతయ్య. సంఘ పెద్దల వైపు తిరిగి, "అయినా వెలి అంటే ఏంటో మనకి అమెరికా కథ కావాలా? మన తాతల్ని ఊరి బావిలో చేద వెయ్యనిచ్చారా?"

వాళ్లలో ఒక పెద్దాయన, "అయితే పానకం తాగడం తప్పు కాదంటారా మేష్టారూ?" అని అడిగాడు.

"తప్పేనంటాను. రేపు మళ్లీ ఆ పిల్లకి చెబుతాను కూడా. చెప్పడం వరకే అండీ నాకున్నది. దాని మనసుకి తాళం వేసే హక్కు నాకు లేదు, మీకూ లేదు."

పాస్టరుగారు పద్ధతి ప్రకారం, అక్కను తీసెయ్యాలనేవాళ్లు చేతులెత్తమన్నారు. కొన్నే లేచాయి. అక్కను తీసెయ్యాల్సిందేనని పొద్దున్న ఇంట్లో గట్టిగా వాదించిన మా నాన్న రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. అక్క పెళ్లి అనుకున్న రోజునే జరిగింది. చేతులెత్తిన మర్నాడే తాతయ్య మాత్రం అన్నంతపనీ చేశారు, పానకం గురించి ఆవిడకు మళ్లీ క్లాసు పీకారు. అక్క తలూపుతూ, మధ్యమధ్య కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ విన్నది.

నేనూ తక్కువ తినలేదు. నచ్చనిది ఎవరు చేసినా మొహం మీదే అనేస్తాను, అందుకు మా ఇంట్లో అందరూ నన్ను చూసి భయపడతారు. కానీ ఎంత పోట్లాట జరిగినా, అవతలి మనిషి లేచి చెప్పులు వేసుకుని వెళ్లబోతుంటే నాకు "చెప్పడం వరకే" అన్న తాతయ్య గొంతు వినిపిస్తుంది. లేచి ఎదురెళ్లి, అన్నం తిని వెళ్లమంటాను.